క్యాష్‌లో పెట్టండి... పక్కవాళ్లకు ఇచ్చేయకండి!

జావా వెబ్ సర్వీసుల్లో హెచ్‌టీటీపీ క్యాషింగ్: అమర్చడం ఒక ఎత్తు, పరీక్షించడం మరో ఎత్తు

2015 డిసెంబరు 25. పండగ సేల్‌లో గేమ్స్ కొనుక్కునేవాళ్లతో స్టీమ్ ఆన్‌లైన్ స్టోర్ కిటకిటలాడుతోంది. ఉన్నట్టుండి కొందరికి సైట్ వేరే భాషలో కనిపించడం మొదలైంది. ఖాతా వివరాలు తెరిస్తే ముక్కూమొహం తెలియని ఎవరిదో ఈ-మెయిల్, బిల్లింగ్ చిరునామా, కొనుగోళ్ల జాబితా! హ్యాకింగ్ జరిగిందనే అందరూ అనుకున్నారు. నిజానికి ఎవరి పాస్‌వర్డూ పోలేదు. స్టోర్‌ను నడిపే వాల్వ్ సంస్థ తర్వాత ఇచ్చిన వివరణ ప్రకారం... ఆరోజు సైట్‌పై దాడి జరిగి ట్రాఫిక్ మామూలు కంటే 2000 శాతం పెరిగింది. దాన్ని తట్టుకోవడానికి క్యాషింగ్ నిబంధనలు మార్చారు. ఆ మార్పుల్లో ఒకటి, లాగిన్ అయినవారి పేజీలను కూడా క్యాష్‌లో దాచి తర్వాత వచ్చినవాళ్లకు ఇచ్చేసింది. సుమారు గంటన్నర వ్యవధిలో దాదాపు 34 వేల మంది సమాచారం ఇతరుల కంటపడి ఉండొచ్చని సంస్థ ప్రకటించింది.

బ్యాకెండ్ డెవలపర్ కావాలనుకునే ప్రతి విద్యార్థీ ఈ సంఘటనను ఒకసారి చదవాలి. ఎందుకంటే ఇక్కడ జరిగిన పొరపాటు ఒక హెడర్ స్థాయిది. అలాంటిది మీ కాలేజీ ప్రాజెక్టులోనూ ఉండొచ్చు. అక్కడ ట్రాఫిక్ లేదు కాబట్టి బయటపడలేదు, అంతే.

క్యాష్ అంటే రెడిస్ ఒక్కటే కాదు

ఇంటర్వ్యూలో 'క్యాషింగ్ ఎలా చేస్తారు?' అని అడగ్గానే చాలామంది రెడిస్ పేరు చెబుతారు. లేదంటే స్ప్రింగ్‌లోని క్యాషబుల్ అనొటేషన్ గురించి మొదలుపెడతారు. తప్పు కాదు. కానీ అవి సర్వర్ లోపల జరిగే పనులు. రిక్వెస్ట్ మీ సర్వర్ దాకా వచ్చాక డేటాబేస్ శ్రమ తగ్గిస్తాయి. హెచ్‌టీటీపీ క్యాషింగ్ అలా కాదు. అసలు రిక్వెస్టే మీ దాకా రాకుండా చూస్తుంది. జవాబు కాపీ యూజర్ బ్రౌజర్లోనో, మధ్యలో ఉన్న సీడీఎన్‌లోనో, మీ జావా సర్వీసు ముందు నిలబెట్టిన ఇంజిన్‌ఎక్స్ లాంటి ప్రాక్సీలోనో ఉంటుంది. ఆ కాపీ మీ చేతిలో ఉండదు. దాన్ని ఎవరు దాచుకోవచ్చు, ఎంతసేపు దాచుకోవచ్చు అని రెస్పాన్స్‌తోపాటు చీటీ రాసి పంపడమే మీరు చేయగలిగింది. ఆ చీటీ పేరే క్యాష్-కంట్రోల్ హెడర్.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. పరీక్షా ఫలితాల రోజు. లక్షల మంది ఒకేసారి సైట్ మీద పడతారు. అలాంటి సేవను మీరే స్ప్రింగ్ బూట్‌లో రాస్తున్నారనుకోండి. అందులో మూడు ఎండ్‌పాయింట్లు ఉన్నాయి. మొదటిది పరీక్షల షెడ్యూల్, అందరికీ ఒకటే. రెండోది ఫలితం. హాల్‌టికెట్ నంబరు యూఆర్‌ఎల్‌లోనే ఉంటుంది కాబట్టి ఒక్కో విద్యార్థికి ఒక్కో యూఆర్‌ఎల్. మూడోది 'నా ప్రొఫైల్'. యూఆర్‌ఎల్ అందరికీ ఒకటే, జవాబు మాత్రం లాగిన్ అయినవారిని బట్టి మారుతుంది.

ప్రమాదం ఈ మూడో రకంలో ఉంది. క్యాష్ సాధారణంగా యూఆర్‌ఎల్‌ను చూసే కాపీని గుర్తుపడుతుంది. ఎవరు అడుగుతున్నారన్నది దానికి పట్టదు. ఒక యూఆర్‌ఎల్‌కు ఇద్దరికి రెండు వేర్వేరు జవాబులు వచ్చే చోట పంచుకునే క్యాష్ అడ్డుపడితే స్టీమ్ కథే పునరావృతమవుతుంది.

చీటీలో ఏం రాయాలి?

షెడ్యూల్‌కు 'పబ్లిక్, మ్యాక్స్-ఏజ్=300' అని రాయొచ్చు. ఎవరైనా 5 నిమిషాలు దాచుకోవచ్చని అర్థం. బ్రౌజర్‌కు ఒక గడువు, సీడీఎన్‌కు మరో గడువు ఇవ్వాలంటే ఎస్-మ్యాక్స్ఏజ్ కలపాలి. ఇది పంచుకునే క్యాష్‌లకే వర్తిస్తుంది. ప్రొఫైల్‌కు 'ప్రైవేట్' అని రాస్తే యూజర్ బ్రౌజర్ తప్ప మధ్యలో ఎవరూ దాచకూడదు. మార్కుల మెమో, బ్యాంకు వివరాల లాంటివాటికి 'నో-స్టోర్' పెట్టేయడమే మేలు.

ఇక్కడ తెలుగువాళ్లనే కాదు, అందరినీ బోల్తా కొట్టించే పదం ఒకటుంది... 'నో-క్యాష్'. పేరు చూసి దాచొద్దని అర్థం అనుకుంటారు. కాదు! దాచుకో, కానీ వాడే ప్రతిసారీ నన్నొకసారి అడిగి వాడు అని దానర్థం. అసలు దాచొద్దనడానికి 'నో-స్టోర్' ఉంది. ఈ తేడా ఇంటర్వ్యూల్లోనూ పనికొస్తుంది, ఉద్యోగంలో ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

మరో సంగతి. చీటీ రాయకపోతే క్యాషింగ్ జరగదనుకోవడం కూడా పొరపాటే. 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9111 ప్రస్తుత ప్రమాణం. గడువు చెప్పకుండా లాస్ట్-మాడిఫైడ్ తేదీ మాత్రం పంపితే క్యాష్ తానే ఒక గడువు అంచనా వేసుకోవడానికి అది అనుమతిస్తుంది. మార్పు జరిగి ఎంతకాలమైందో అందులో 10 శాతం తీసుకోవడం పరిపాటి. అంటే 10 రోజుల కిందట మారిన పేజీని ఒక రోజంతా దాచుకోవచ్చన్నమాట. 404 లాంటి జవాబులకు కూడా ఇదే వెసులుబాటు ఉంది. కాబట్టి మౌనంగా ఉండకండి, ప్రతి ఎండ్‌పాయింట్‌కూ ఏదో ఒకటి స్పష్టంగా రాయండి.

మన ఫలితాల సేవలో 404 గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. ఉదయం 11 గంటలకు విడుదలనుకుందాం. 10.50కే ఆత్రంగా తెరిచిన విద్యార్థికి 'ఫలితాలు ఇంకా రాలేదు' అన్న జవాబు వెళ్లింది. దానికి గంట మ్యాక్స్-ఏజ్ ఉంటే? ఊళ్లో అందరూ మార్కులు చూసుకుని మిఠాయిలు పంచుకుంటుంటే ఆ పిల్లాడికి 11.50 దాకా పాత మాటే కనిపించొచ్చు. సీడీఎన్‌లో ఉన్న కాపీని తుడిచేయమని ఆదేశించొచ్చు. అతడి ఫోన్లోని బ్రౌజర్‌లోకి చేరినదాన్ని మీరు వెనక్కి రప్పించలేరు. సర్వర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు. అందుకే బ్రౌజర్ గడువు విషయంలో ఎప్పుడూ పిసినారితనమే మంచిది.

స్ప్రింగ్‌లో ఎలా అమర్చాలి?

రాయడం తేలికే. స్ప్రింగ్‌లో క్యాష్‌కంట్రోల్ అనే క్లాస్ 4.2 వెర్షన్ నుంచీ ఉంది. కంట్రోలర్ నుంచి రెస్పాన్స్‌ఎంటిటీ తిరిగి ఇచ్చేటప్పుడు దానికి క్యాష్‌కంట్రోల్, ఈట్యాగ్ రెండూ జోడించి, చివర్లో బాడీ పెడితే సరిపోతుంది. జాక్స్-ఆర్‌ఎస్ వాడేవాళ్లకూ అదే పేరుతో క్లాస్ ఉంది. అందులో నో-ట్రాన్స్‌ఫార్మ్ అనే సూచన డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. హెడర్‌లో ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందా అని తల పట్టుకోకండి. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లయితే పేరులోనే వెర్షన్ హ్యాష్ చేర్చి ఏడాది గడువిచ్చేయొచ్చు. ఫైలు మారితే పేరు మారుతుంది కాబట్టి చిక్కు లేదు.

ఈట్యాగ్ గురించి మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఇది జవాబుకు వేసే వేలిముద్ర. గడువు తీరాక బ్రౌజర్ ఆ ముద్రను ఇఫ్-నన్-మ్యాచ్ హెడర్‌లో పెట్టి 'నా దగ్గర ఇది ఉంది, మారిందా?' అని అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటుంది, బాడీ పంపదు. స్ప్రింగ్‌లో షాలో ఈట్యాగ్ హెడర్ ఫిల్టర్ పెడితే ఇదంతా దానంతటదే జరుగుతుంది. ట్యుటోరియళ్లన్నీ దీన్నే చూపిస్తాయి. అయితే పేరులోనే 'షాలో' అని ఉంది చూడండి. ఈ ఫిల్టర్ ముందు మొత్తం జవాబును తయారు చేయించి, దానికి ఎండీ5 హ్యాష్ లెక్కకట్టి, అప్పుడు పోల్చి చూస్తుంది. డేటాబేస్ క్వెరీ నడిచింది, జేసన్ తయారైంది, నెట్‌వర్క్‌లో పంపడం మాత్రమే మిగిలింది. మొబైల్ డేటా మీద ఉన్న యూజర్‌కు ఇది లాభమే, మీ డేటాబేస్‌కు ఒరిగేదేమీ లేదు.

సర్వర్ భారం నిజంగా తగ్గాలంటే ఈట్యాగ్‌ను చవగ్గా కనిపెట్టే దారి వెతకాలి. టేబుల్‌లో వెర్షన్ నంబరో, చివరిసారి మారిన సమయమో ఉంటే దాన్నే ముద్రగా వాడొచ్చు. కంట్రోలర్ మొదటి వరుసలోనే వెబ్‌రిక్వెస్ట్‌లోని చెక్‌నాట్‌మాడిఫైడ్ మెథడ్‌కు ఆ విలువ ఇవ్వండి. నిజం అని వస్తే నల్ తిరిగి ఇచ్చేసి బయటపడొచ్చు, మిగతా పని చేయక్కర్లేదు. జాక్స్-ఆర్‌ఎస్‌లో ఇదే పనిని రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌లోని ఇవాల్యుయేట్ ప్రీకండిషన్స్ చేస్తుంది. నా ఉద్దేశంలో షాలో ఫిల్టర్ పెట్టి మురిసిపోయే ప్రాజెక్టు కంటే, ఒక్క ఎండ్‌పాయింట్‌కైనా ఇలా చేసిన ప్రాజెక్టే రెజ్యూమెలో బరువు.

304 ఎంతకీ రావట్లేదా?

'ఈట్యాగ్ పెట్టాను, టెస్టులు పాసయ్యాయి, బ్రౌజర్లో మాత్రం ఎప్పుడూ 200 వస్తోంది' అంటే మొదట అనుమానించాల్సింది స్ప్రింగ్ సెక్యూరిటీని. అది జాగ్రత్త కోసం ప్రతి రెస్పాన్స్‌కూ 'నో-క్యాష్, నో-స్టోర్, మ్యాక్స్-ఏజ్=0, మస్ట్-రీవ్యాలిడేట్' అని డిఫాల్ట్‌గా చేరుస్తుంది. నో-స్టోర్ ఉంది కాబట్టి బ్రౌజర్ కాపీ దాచదు. కాపీ లేదు కాబట్టి ఇఫ్-నన్-మ్యాచ్ పంపదు. ఇక 304 ఎక్కడిది? మీరే క్యాష్-కంట్రోల్ రాస్తే సెక్యూరిటీ తన చీటీ అంటించకుండా తప్పుకొంటుంది. అంతమాత్రాన ఆ రక్షణను అప్లికేషన్ మొత్తానికి ఆపేయకండి. అవసరమైన ఎండ్‌పాయింట్‌కే సొంత హెడర్ ఇవ్వండి, మిగతావాటికి ఆ కట్టుదిట్టం అలాగే ఉండనివ్వండి.

దీనికి పూర్తిగా రివర్స్‌లో జరిగే పొరపాటు ఇంకోటుంది, ఇది మరింత ప్రమాదకరం. రిక్వెస్ట్‌లో ఆథరైజేషన్ హెడర్ ఉంటే ఆ జవాబును పంచుకునే క్యాష్ దాచకూడదని ప్రమాణం చెబుతోంది. కానీ రెస్పాన్స్‌లో 'పబ్లిక్' అని మీరే రాస్తే ఆ నిషేధం తొలగిపోతుంది! ఎస్-మ్యాక్స్ఏజ్, మస్ట్-రీవ్యాలిడేట్ ఉన్నా అంతే. 'క్యాష్ అవ్వట్లేదు, పబ్లిక్ పెడితే అవుతుంది' అని ఎక్కడో చూసి ప్రొఫైల్ ఎండ్‌పాయింట్‌కు అతికించారా... తలుపు గొళ్లెం మీరే తీసినట్టు.

ఇక భాష. అదే షెడ్యూల్‌ను యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్‌ను బట్టి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఇస్తున్నారనుకోండి. రెస్పాన్స్‌లో 'వేరీ: యాక్సెప్ట్-లాంగ్వేజ్' అని చెప్పకపోతే, మొదట వచ్చినవాళ్ల భాషే తర్వాతివాళ్లందరికీ వెళ్తుంది. చెబితే భాషకో కాపీ విడిగా ఉంటుంది. అయితే బ్రౌజర్లు పంపే ఈ హెడర్ విలువలు రకరకాలుగా ఉంటాయి, కాపీలు పెరిగిపోతాయి. భాషను యూఆర్‌ఎల్‌లోనే పెట్టేస్తే ఆ గొడవే ఉండదు.

అసలు పని పరీక్షించడమే

మామూలు బగ్ అయితే స్క్రీన్ మీద కనిపిస్తుంది. క్యాష్ బగ్ అలా కాదు. మీ లాప్‌టాప్‌లో మీరొక్కరే యూజర్. మధ్యలో ప్రాక్సీ లేదు. అన్నీ సవ్యంగానే ఉంటాయి. అందుకే పరీక్షను మూడు అంచెలుగా చేయాలి.

మొదట చేత్తో చూడండి. కర్ల్ కమాండ్‌కు మైనస్ వీ ఇచ్చి హెడర్లు గమనించండి. చాలామంది మైనస్ పెద్ద ఐ వాడతారు, అది గెట్ బదులు హెడ్ రిక్వెస్ట్ పంపుతుంది. మీ కంట్రోలర్ దానికి వేరేగా స్పందించొచ్చు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో చూసేటప్పుడు నెట్‌వర్క్ ట్యాబ్‌లోని 'డిజేబుల్ క్యాష్' టిక్ తీసేశారో లేదో చూసుకోండి. ఆ టిక్ ఉంచేసి గంటలు గంటలు బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

రెండో అంచె జేయూనిట్, మాక్‌ఎంవీసీ. ముందు ఒక గెట్ పంపండి, 200 రావాలి. వచ్చిన ఈట్యాగ్‌ను తీసి రెండో గెట్‌లో ఇఫ్-నన్-మ్యాచ్‌గా పెట్టండి, 304 రావాలి, బాడీ ఖాళీగా ఉండాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకండి. ఇప్పుడు డేటా మార్చి అదే పాత ముద్రతో మళ్లీ అడగండి. కొత్త ఈట్యాగ్‌తో 200 రావాలి. ఈ మూడో అడుగు లేకపోతే, ఎప్పటికీ మారని ఈట్యాగ్ ఇచ్చే కోడ్ కూడా మీ టెస్టులో దర్జాగా పాసైపోతుంది.

ఇందులో ఇంకో కిటుకుంది. టెస్టులో ఇఫ్-నన్-మ్యాచ్‌ను మీ చేతులతో మీరే పంపుతున్నారు. బ్రౌజర్ అయితే రెస్పాన్స్‌ను దాచగలిగినప్పుడే పంపుతుంది. ఇందాక చెప్పిన నో-స్టోర్ సమస్య ఈ టెస్టుకు చిక్కదు. పైగా మాక్‌ఎంవీసీని స్టాండలోన్ పద్ధతిలో కడితే సెక్యూరిటీ ఫిల్టర్లు అసలు లోడే కావు. అందుకే అప్లికేషన్ కాంటెక్స్ట్ మొత్తాన్ని లేపే స్ప్రింగ్‌బూట్‌టెస్ట్‌తో నడపండి. క్యాష్-కంట్రోల్ విలువ అక్షరం పొల్లు పోకుండా మీరు రాసినదేనా అని సరిచూడండి. హెడర్ ఉందా లేదా అని చూస్తే చాలదు.

మూడో అంచెలో మధ్యలో నిజమైన క్యాష్‌ను నిలబెట్టాలి. హెడర్లు సరిగ్గా ఉండటం వేరు, క్యాష్ వాటిని చదివి సరిగ్గా నడుచుకోవడం వేరు. టెస్ట్‌కంటెయినర్స్ లైబ్రరీతో డాకర్‌లో ఇంజిన్‌ఎక్స్‌నో వార్నిష్‌నో లేపి, దాని వెనక మీ సర్వీసును పెట్టండి. ఇంజిన్‌ఎక్స్ అయితే క్యాష్ స్థితి చెప్పే వేరియబుల్‌ను ఒక రెస్పాన్స్ హెడర్‌గా బయటపెట్టండి. మిస్, హిట్, ఎక్స్‌పైర్డ్ అని తెలిసిపోతుంది. కంట్రోలర్‌లో ఒక కౌంటర్ కూడా ఉండాలి. షెడ్యూల్‌ను పదిసార్లు అడిగితే కౌంటర్ ఒకటి దగ్గరే ఆగాలి.

ఆగకుండా పది చూపించిందనుకోండి, రెస్పాన్స్‌లో సెట్-కుకీ ఉందేమో చూడండి. ఎవరూ అడక్కుండానే సెషన్ సృష్టించి జేసెషన్ఐడీ కుకీ పంపించే అప్లికేషన్లు తక్కువేం కాదు. ఇంజిన్‌ఎక్స్ గానీ వార్నిష్ గానీ సెట్-కుకీ ఉన్న జవాబును డిఫాల్ట్‌గా దాచవు. మంచిదే, లేకపోతే ఒకరి సెషన్ మరొకరికి వెళ్లేది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన టెస్టు. ఇద్దరు యూజర్లు, రెండు టోకెన్లు. మొదటి వ్యక్తితో 'నా ప్రొఫైల్' అడిగించండి. వెంటనే రెండో వ్యక్తితో అదే యూఆర్‌ఎల్ అడిగించండి. రెండో జవాబులో మొదటివారి పేరు కనిపించకూడదు, కౌంటర్ 2 ఉండాలి. పదిహేను వరుసల కోడ్ కూడా పట్టదు. స్టీమ్‌లో జరిగినట్టు ఒకరి వివరాలు ఇంకొకరికి వెళ్లడాన్ని పట్టుకునే టెస్టు ఇదే.

ఈ టెస్టును వీలైతే రెండు ప్రాక్సీలతోనూ నడపండి. వాటి స్వభావాలు వేరు. రిక్వెస్ట్‌లో ఆథరైజేషన్ గానీ కుకీ గానీ ఉంటే వార్నిష్ డిఫాల్ట్‌గా క్యాష్ జోలికి పోకుండా నేరుగా సర్వర్‌కు పంపేస్తుంది. ఇంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ క్యాష్ ఆన్ చేస్తే ఆథరైజేషన్‌ను చూసి అది తనంతట తాను ఆగదు. రెస్పాన్స్‌లోని చీటీనే నమ్ముతుంది. అంటే 'ప్రైవేట్' అని రాయడం మరిచిపోయిన ప్రొఫైల్ ఒక ప్రాక్సీ వెనక క్షేమంగా ఉండి, ఇంకో ప్రాక్సీ వెనక బట్టబయలవుతుంది. కంపెనీ రేపు ప్రాక్సీ మారిస్తే? మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే లీకేజీ మొదలవుతుంది.

గడువు తీరడాన్ని పరీక్షించడానికి 5 నిమిషాలు థ్రెడ్ స్లీప్ పెట్టేవాళ్లను చూస్తుంటాం. వద్దు. గడువును ప్రాపర్టీస్ ఫైలులోకి మార్చి, టెస్ట్ ప్రొఫైల్‌లో 2 సెకన్లు ఇవ్వండి. అసలు ప్రొఫైల్‌లో 300 ఉందని చెప్పే చిన్న టెస్టు విడిగా రాయండి. లేదంటే ఆ 2 సెకన్లు ఎవరో పొరపాటున ప్రొడక్షన్‌కు పంపినా తెలియదు. 404, 500 వచ్చినప్పుడు ఏ హెడర్లు వెళ్తున్నాయో కూడా చూడండి. ఎక్సెప్షన్ హ్యాండ్లర్ నుంచి వెళ్లే జవాబుల మీద ఎవరి దృష్టీ పడదు.

క్లయింటు వైపు జావాలో రాస్తుంటే ఒక విషయం తెలిసి ఉండాలి. జావా 11తో వచ్చిన ప్రామాణిక హెచ్‌టీటీపీ క్లయింటులో రెస్పాన్స్ క్యాష్ లేదు. అపాచీ హెచ్‌టీటీపీ క్లయింటుకు విడిగా క్యాష్ మాడ్యూల్ ఉంది, ఓకే హెచ్‌టీటీపీలో లోపలే ఉంది. అపాచీది డిఫాల్ట్‌గా పంచుకునే క్యాష్‌లా ప్రవర్తిస్తుంది. ఓకే హెచ్‌టీటీపీది బ్రౌజర్‌లా ప్రైవేట్ క్యాష్. ఒకే సర్వీసును రెండింటితో అడిగితే వేర్వేరు ఫలితాలు వచ్చాయని కంగారు పడనక్కర్లేదు.

ప్రాజెక్టుగా చేయాలంటే...

ఫైనలియర్ విద్యార్థులు దీన్ని రెండు వారాంతాల్లో పూర్తి చేయొచ్చు. పైన చెప్పిన మూడు ఎండ్‌పాయింట్ల ఫలితాల సేవే రాయండి. ముందు ఏ హెడరూ లేకుండా ఇంజిన్‌ఎక్స్ వెనక పెట్టి, జేమీటర్‌తోనో కే6తోనో లోడ్ ఇచ్చి డేటాబేస్ క్వెరీల సంఖ్య రాసుకోండి. తర్వాత హెడర్లు చేర్చి మళ్లీ కొలవండి. ఆ రెండు అంకెలూ మీ సొంతం, ఏ బ్లాగులోనూ దొరకవు.

తర్వాత ప్రొఫైల్ ఎండ్‌పాయింట్‌లోని 'ప్రైవేట్' తీసేసి కావాలనే 'పబ్లిక్, మ్యాక్స్-ఏజ్=60' పెట్టండి. ఇద్దరు యూజర్ల టెస్టు ఎర్రగా మారాలి. మారకపోతే టెస్టులో లోపముంది, ముందు దాన్ని సరిచేయండి. గిట్‌హబ్‌లో ఆ రెండు కమిట్లనూ విడివిడిగా ఉంచండి. ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయమంటే మొదట విరిగిన కమిట్ నడిపి ఒకరి మార్కులు మరొకరికి ఎలా వెళ్తున్నాయో చూపించి, తర్వాత సరిచేసినది చూపించండి. ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్న దాదాపుగా ఇదే ఉంటుంది: 'పొరపాటున ఏడాది గడువుతో తప్పుడు జవాబు బ్రౌజర్లలోకి వెళ్లిపోయింది. ఇప్పుడేం చేస్తారు?' యూఆర్‌ఎల్ మార్చడం తప్ప చేతిలో పెద్దగా మార్గాలుండవని, ఆ యూఆర్‌ఎల్‌ను పిలిచే పేజీకి మాత్రం ఎప్పుడూ 'నో-క్యాష్' ఉంచాలని చెప్పగలిగేలా సిద్ధమవ్వండి.